ముప్పై ఒక్క గిన్నెలు

డెన్మార్క్‌లోని ఫోబోర్గ్ ఊళ్ళో ఎస్కిల్ షెడ్డు తలుపు తీస్తే ముప్పై ఒక్క కొయ్య గిన్నెలు కనిపిస్తాయి. ఒక్కటీ పూర్తయినది కాదు.

లేత్ యంత్రం మీద గిర్రున తిరుగుతున్న పచ్చి కర్రకు ఉలి ఆనిస్తే పేళ్ళు తడితడిగా భుజం మీంచి ఎగురుతాయి. ఆ సుఖమంటే అతనికి పిచ్చి. కానీ అలా తీసిన గిన్నెను మందంగానే ఉంచి, అడుగున తేదీ రాసి, ఏడాది ఆరబెట్టాలి. ఆరాక మళ్ళీ లేత్‌కెక్కించి పలచగా తీర్చాలి. ఎస్కిల్ ఉత్సాహం ఏనాడూ ఏడాది నిలిచిన పాపాన పోలేదు. గిన్నె ఆరేలోపు మనసు తేనెటీగల మీదికో, అకార్డియన్ మీదికో మళ్ళేది. మళ్ళీ ఎక్కడో గాలికి చెట్టు కూలిందంటే చాలు, రంపం పట్టుకుని పరుగు. ఆరినవాటి జోలికి మాత్రం పోడు. కట్టుకున్నందుకు భార్య బోదిల్ నలభై ఏళ్ళుగా ఇదంతా నవ్వుతూ భరించింది.

ఈ మార్చిలో, బోదిల్ జబ్బుకు ఇక వైద్యం లేదని డాక్టర్లు చేతులెత్తేశాక, ఆమెను ఆసుపత్రిలోనే ఒక గదిలో ఉంచారు. పెరట్లో కూలిన ప్లమ్ చెట్టు కర్రతో చేసిన గిన్నెలో ఓట్స్ జావ తాగాలని ఉందని భర్తను అడిగింది.

"పూర్తి చేసిందే తేవాలి. సగంలో ఆగినవి చాలా చూశాను."

ఎస్కిల్ ఇంటికి పరిగెత్తాడు. ప్లమ్ గిన్నెలు మొత్తం ఆరు ఉన్నాయి. ఐదు అప్పటికే నిలువునా పగిలి ఉన్నాయి. పగలకుండా ఆరబెట్టేముందు మైనం పూయాలని తెలుసు, కానీ ఉత్సాహం పొంగుతున్నప్పుడు మైనం పూసే ఓపిక ఎవరికుంది? తనను తాను తిట్టుకుంటూ ఆరోదాన్ని లేత్‌కెక్కించాడు. ఉత్సాహం చుక్కైనా లేదు, ఉన్నదంతా భయమే. అడుగు మందం కొలవాలంటే లేత్ ఆపాలి. ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని ఆపలేదు. ఇంకాస్త, ఇంకాస్త అనుకుంటుండగానే టప్పుమంది. అడుగున నాణెమంత కన్నం పడింది. పేళ్ళలో కూలబడి ఏడ్చాడు. చివరికి దాన్నే పట్టుకెళ్ళాడు.

బోదిల్ గిన్నెను రెండు చేతులా ఎత్తి, కన్నంలోంచి అతణ్ణి చూసింది.

"ఈసారి కాస్త ఎక్కువే పూర్తి చేశావు."

అతనికి నవ్వు రాలేదు. అడవిలో చెర్రీ చెట్టొకటి కూలిందట, ఇప్పుడే తెస్తానన్నాడు. పచ్చిదాన్నే ఒక్కసారిగా పలచగా తీస్తే వంకరపోయినా జావకు పనికొస్తుందని, రేపటికల్లా అయిపోతుందని గబగబా చెబుతూ కోటు గుండీలు పెట్టుకున్నాడు. కళ్ళలో పాత వెలుగు వచ్చేసింది. ఆ వెలుగు చూసి బోదిల్ భయపడింది.

"ఎస్కిల్, ఇంకోటి మొదలుపెట్టకు. నన్ను మధ్యలో వదిలేసి పోకయ్యా. కూర్చో."

కోటు విప్పి కూర్చున్నాడు. చేతులకు ఏం పని చెప్పాలో తెలియక ఆమె చెయ్యి పట్టుకున్నాడు. జావ నర్సు తెచ్చిన ప్లాస్టిక్ కప్పులోనే తాగింది, రెండు చెంచాలు.

బోదిల్ ఇంకో మూడు రోజులు ఉంది. ఆ మూడు రోజులూ అతడు ఆ కుర్చీ వదల్లేదు. ఆమె పోయాక, ఇక లేవమని నర్సు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.