శుక్రవారం నిప్పు

మా అక్క కూతురి రిసెప్షన్ తెనాలిలో అని తెలిసినప్పుడు నాకేమీ అనిపించలేదు. పెళ్ళి బాపట్లలో, అక్కవాళ్ళ చర్చిలో. పెళ్ళికొడుకు వాళ్ళది చెరుకుపల్లే అయినా అతని ఆఫీసువాళ్ళంతా విజయవాడ నుంచి రావాలి గనక రిసెప్షన్ మాత్రం తెనాలిలో పెట్టుకున్నారు. నాకూ రేపల్లె నుంచి ఒక్క రైలు. తీరా కార్డు చేతికొచ్చాక హాలు ఎక్కడో చూసి కూర్చున్నదాన్ని లేచి నిలబడ్డాను. పాత బియ్యం మిల్లు పడగొట్టి ఆ స్థలంలో కట్టిన హాలు అది. మిల్లు గోడనానుకుని ఉండే మా వీధి కూడా దాని కిందే పోయింది.

వెంటనే అక్కకు ఫోన్ చేశాను.

"అక్కా, ఆ హాలు మన వీధిలోనే కదే!"

"ఏ వీధి?" అంది.

"ఏ వీధేంటే? మనం పుట్టి పెరిగిన వీధి."

"ఏసీ ఉంది, పార్కింగుంది, జనరేటరుంది. ఇంకేం కావాలే నీకు? వియ్యాలవారి ముందు ఆ పాత సంగతులన్నీ తవ్వకు తల్లీ" అని పెట్టేసింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. మా అక్క ఏరు దాటాక తెప్ప తగలేసే రకం. ఎవరైనా అడిగితే "తెనాలిలో మెయిన్ రోడ్డు మీద ఉండేవాళ్ళమండి" అంటుంది. మెయిన్ రోడ్డు మీద మేమెప్పుడున్నాం? మిల్లు గేటు దాకా లారీలు వచ్చిపోయే మట్టిదారినే మెయిన్ రోడ్డు అనుకుందేమో! అమ్మా నాన్నా లేరు. మిల్లు మూతపడ్డాక వీధిలో వాళ్ళు తలో దిక్కూ పోయారు. ఇక మిగిలింది మేమిద్దరం. అందులో ఒకరు "ఏ వీధి?" అంటే, ఆ వీధి ఉండేదని చెప్పడానికి నేనొక్కదాన్నే. అలా ఒక్కదాన్నే మిగలడం నాకు భయంగా ఉంది. "అవునే, అక్కడే ఉండేవాళ్ళం" అని అది ఒక్కసారి అంటే చాలు. అంతకుమించి నేనేమీ అడగలేదు.

నాన్న మిల్లులో బస్తాలు మోసేవాడు, అమ్మ బియ్యం చెరిగేది. వీధిలో అందరి బతుకూ అంతే. ఎవరికైనా ఒకటే గది కాబట్టి వంటలు వీధిలోనే. కట్టెలు కొనే పని లేదు, మిల్లులో ఊక ఊరికే వచ్చేది. ఇంటికో ఊక పొయ్యి. ఓ పాత డబ్బాకు అడుగున పక్కగా బొక్క పెట్టి, అందులోంచి ఓ కర్ర లోపలికి దూర్చి, మధ్యలో గాజు సీసా నిలబెట్టి, చుట్టూ ఊక పోసి గట్టిగా కూరాలి. కూరాక ముందు కర్ర, తర్వాత సీసా బయటికి తీయాలి. అసలు పనితనమంతా సీసా తీయడంలోనే ఉంది. మెల్లగా తిప్పుకుంటూ తీస్తే మధ్యలో చక్కటి గొట్టంలా దారి ఏర్పడి, కింద అంటించిన నిప్పు పైదాకా లేస్తుంది. తొందరపడి లాగితే ఊకంతా కూలిపోతుంది. ఇక మంటుండదు, పొగే.

మా వీధిలో సగం మంది లూథరన్ క్రైస్తవులం, సగం మంది హిందువులు. వాళ్ళు శుక్రవారం సాయంత్రం ఇంట్లోంచి నిప్పు బయటికివ్వరు, లక్ష్మి పోతుందని. మాకా పట్టింపు లేదు. రోజూ అగ్గిపుల్ల ఖర్చు ఎందుకని ఒకరి పొయ్యిలోంచి ఒకరు నిప్పు తెచ్చుకోవడం అలవాటు. అందుకని శుక్రవారం పొద్దు వాలగానే, గోంగూర పుల్లో కొబ్బరి డొక్కో పట్టుకుని మా చుట్టుపక్కలవాళ్ళంతా మా పొయ్యి దగ్గరికే వచ్చేవాళ్ళు. "పిన్నీ, కాస్త నిప్పిస్తావా" అని వాళ్ళడుగుతుంటే అమ్మ మొహంలో వెలుగు చూడాలి. వారమంతా అప్పూ సప్పూ అడిగే మా ఇంటికి ఆ ఒక్కపూట నలుగురూ వచ్చి అడిగేవాళ్ళు. మీ లక్ష్మి మా ఇంటికి రాకపోతుందా అని వేళాకోళమాడేది కూడా.

ఓ శుక్రవారం అమ్మ చర్చిలో ఈస్టరు ముందు జరిగే శ్రమకాలం ఆరాధనకు తయారవుతూ, పొయ్యి కూరమని మాకిద్దరికీ అప్పగించింది. నేను డబ్బా పట్టుకున్నాను. సీసా అక్క తీసింది. తిప్పలేదు, ఒక్క లాగు లాగింది. మొత్తం కూలిపోయింది. అంటిస్తే పొగ తప్ప ఏమీ రాలేదు. నిప్పు కోసం వచ్చినవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ కాసేపు నిలబడి, చివరికి వెళ్ళి ఎవరి అగ్గిపెట్టె వాళ్ళు తీసుకున్నారు. అమ్మ చర్చికి వెళ్ళలేదు. మా ఇద్దరి వీపులూ సమానంగా వాయగొట్టి, ఆ కూలిన పొయ్యి ముందే కూర్చుని ఏడ్చింది. అక్క చేసిన దానికి నాకెందుకు పడాలని నాకు ఇప్పటికీ కచ్చే.

రిసెప్షన్ రోజు పెందలాడే వెళ్ళాను. హాలు చుట్టూ తిరిగాను. మిల్లు పొగగొట్టం లేదు, వీధి కుళాయి లేదు, గోడ లేదు. అంతా టైల్సు. మా ఇంటి దగ్గర తిరిగే మురుక్కాలవ వంపు మాత్రం అలాగే ఉంది. దాన్నిబట్టి లెక్కేసి, మా ఇల్లు భోజనాల హాలు కిందకి వచ్చిందని తేల్చుకున్నాను. సెక్యూరిటీ అబ్బాయి "ఏం పోయిందండి అమ్మగారూ?" అని అడిగాడు. వాడికేం చెప్పను!

సాయంత్రం ముందు వరసలో వియ్యపురాలు, అక్క, నేను కూర్చున్నాం. ఆవిడ మర్యాదకే అడిగింది.

"తెనాలిలో మీ పుట్టిల్లు ఎక్కడ వదినగారూ?"

"మెయిన్ రోడ్డు మీదండి" అంది అక్క, నిమ్మకు నీరెత్తినట్టు.

ఇక నావల్ల కాలేదు.

"కాదండి వదినగారూ, ఇక్కడే. ఈ హాలు కిందే. మా నాన్న ఇక్కడి మిల్లులో బస్తాలు మోశాడు. మేం ఊక పొయ్యి మీద అన్నం వండుకుని తిన్నాం. అదిగో, భోజనాలు పెడుతున్నారే, అక్కడే మా ఇల్లు. ఓ శుక్రవారం మా అక్క సీసా సరిగ్గా తీయక పొయ్యి కూల్చేస్తే వీధి వీధంతా నిప్పు లేకుండా పోయింది."

ఆవిడ నా మొహమూ అక్క మొహమూ మార్చి మార్చి చూసింది. అక్క పట్టుచీర పరువంతా తీసేశానని నాకు తెలుసు. అక్క లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. అది చెంపలు ఎర్రబడిపోయి నావైపు తిరిగింది.

"నేను తీశానా? అబద్ధాలాడకే! డబ్బా పట్టుకుంది నేను, సీసా లాగింది నువ్వు. తిప్పవే తిప్పవే అని మొత్తుకుంటూనే ఉన్నా, విన్నావా? నీ మూలాన అమ్మ చేతిలో నేనూ తిన్నాను."

"నువ్వే తీశావు!"

"నువ్వు! పైగా ఇల్లు భోజనాల దగ్గరట! ఎవరు చెప్పారే నీకు? కాలవ వంపు చూసి లెక్కేశావా? కాలవని కుళాయి పెట్టినప్పుడే జరిపారు. హాలు మాట్లాడటానికి వచ్చిన రోజే చూసుకున్నాను నేను."

వేలు పెట్టి స్టేజీ చూపించింది. పూల మధ్య దాని కూతురు, అల్లుడు నిలబడి ఫొటోలు తీయించుకుంటున్నారు.

"మన పొయ్యి అక్కడ" అంది.