ఆగ్నేయం మూలలో జనరేటర్

ఆరేళ్లుగా ఒక మాట గొంతుకు అడ్డం పడి ఉంది. నా భార్యకు చెప్పలేదు. చెప్పాల్సిన మనిషి ఇప్పుడు లేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

నాది ఆదోని. ఇళ్లకు వైరింగ్ చేస్తాను, జనరేటర్లు బిగిస్తాను. మా అత్తకు ఇద్దరూ ఆడపిల్లలే, పెద్దామె నా భార్య. మామ పోయాక ఆమె తొమ్మిదేళ్లు మా ఇంట్లోనే ఉంది. నాకు మా అమ్మ ముఖం గుర్తు లేదు. పని నుంచి రావడం ఆలస్యమైతే అన్నం తినకుండా నా కోసం కూర్చున్న మొదటి మనిషి మా అత్తే. అలాంటి మనిషికా నేను ఆ పని చేసింది? తొందరెందుకు, వరుసగానే చెబుతాను.

ఎమ్మిగనూరులో నా తోడల్లుడు, అంటే మా మరదలి భర్త, కొత్త ఇల్లు కట్టాడు. బట్టల వ్యాపారం కలిసొచ్చింది. వంటింటి పక్కన అత్త కోసమే ఒక గది వేయించాడు. మంచం మీద కూర్చుని కిటికీలోంచి వీధిలో పోయేవాళ్లను పలకరించవచ్చు. ఆ గది చూసొచ్చిన రోజు నుంచి ఆమె నోట అదే మాట. గృహప్రవేశానికి ముందే పెట్టె సర్దుకుంది. ఆటో ఎక్కేటప్పుడు ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తుందేమోనని గుమ్మంలో నిలబడ్డాను. చూడలేదు. కుళ్లు అంటారే, అదేమిటో నాకు ఆ రోజు తెలిసింది. వాడికి అన్నీ ఉన్నాయి, ఈమె కూడా కావాలా?

ఆ వేసవిలో కరెంటు కోతలు ఎక్కువయ్యాయి. ఇల్లంతటికీ సరిపడే జనరేటర్ కావాలని వాడు నన్నే పిలిచాడు. "నీకు తెలీందేముందన్నా, నువ్వు యాడ పెట్టమంటే ఆడనే పెడతాం" అన్నాడు. ఎంపికలో నేను ఏ తప్పూ చేయలేదు. ఏసీలు, ఫ్రిజ్, బోరు మోటారు స్టార్టయ్యేటప్పుడు లాగే లోడు, అన్నీ చూసి పదిహేను కేవీఏ డీజిల్‌ది చెప్పాను. అది ఈ రోజుకూ చక్కగా పనిచేస్తోంది. పెట్టే చోటు దగ్గరే నా బుద్ధి వంకరపోయింది. ఇంటి వెనక వాయవ్యం మూల బోలెడు ఖాళీ. అక్కడ పెట్టినా వాస్తుకు అడ్డేమీ లేదు, చాలా ఇళ్లలో నేనే అలా పెట్టించాను. అయినా ఆగ్నేయం అన్నాను. అది అగ్నిమూల, ఇంజను అక్కడే ఉండాలి, ఒకసారి పెట్టాక కదిలిస్తే ఇల్లాలికి కీడు అన్నాను. నాకు వాస్తు మీద నమ్మకమే లేదు. అత్త కిటికీ ఉన్నది ఆ మూలనే.

పొగగొట్టాన్ని డాబా పైదాకా లేపాలని నాకు తెలియదా? ఇంజనుకు భారమవుతుందని చెప్పి కిటికీ ఎత్తులోనే ఆపాను. సిమెంటు దిమ్మె పోశారు. జనరేటర్‌కు పసుపు కుంకుమ పెట్టి టెంకాయ కొట్టారు. అత్త కూడా చేతులు జోడించింది.

ఆమెకు మొదటి నుంచీ ఆయాసం. మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడల్లా పొగ గదిలోకి వచ్చేది. మొదట కిటికీ మూశారు. తర్వాత సందుల్లో గుడ్డలు కుక్కారు. జనరేటర్‌ను పక్కకు జరుపుదామని తోడల్లుడు అంటే, కూతురికి కీడని అత్తే ఒప్పుకోలేదట. చివరికి ఆమే మా ఇంటికి వచ్చేసింది. నేను ఎదురెళ్లి పెట్టె అందుకున్నాను. గెలిచాననుకున్నాను. ఎవరి మీద గెలిచాను?

రెండేళ్లు గడిచాక ఒక సాయంత్రం అడిగింది.

"అప్పా, ఒకసారి ఎమ్మిగనూరుకు తోల్కపో. నా రూములో నాల్గు దినాలుండి వస్తాను."

"ఆ పొగలో యాడుంటావత్తా? మళ్లా ఆయాసం పట్టుకుంటాది."

"ఔలేప్పా. ఆపొద్దు నువ్వు సరిగ్గా సెప్పినావు కాబట్టే నా బిడ్డ సల్లగుండాది. నాదేముంది."

నోరు విప్పి ఉండాల్సింది. జనరేటర్‌ను వాయవ్యానికి మార్చడం నాకు రెండు మూడు రోజుల పని. నేను చెప్పింది అబద్ధమత్తా అంటే చాలు. కానీ అది విన్నాక ఆమె మా ఇంట్లో ఒక్క పూట కూడా ఉండదని తెలుసు. ఆ గది గుర్తొస్తే నాకు అప్పటికీ కడుపు మండేది. అందుకే చెప్పలేదు. భయంతో కాదు, వాడికి ఆమెను ఇవ్వడం ఇష్టం లేక.

ఆర్నెల్లకు ఆమె పోయింది. ఆ గదిని మళ్లీ చూడలేదు.

మొన్న మరదలు ఫోన్లో, "మా అమ్మను కన్నకొడుకు మాదిరి సూసుకుంటివి బావా" అంది. ఫోన్ నా భార్య చేతికిచ్చి లేచిపోయాను. కన్నకొడుకైతే ఆమెను ఆ గదిలో ఉండనిచ్చేవాడు.

మీకు చెప్పాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. అందుకూ నాకు సిగ్గుగానే ఉంది.