నేను కడిగిన సీసాలు

మా ఇంట్లో మురికి గిన్నె మిగలదు, వృథాగా చెంబెడు నీళ్లూ పోవు. నేను వినుకొండ వైపు మెట్ట పల్లెలో పుట్టాను. బిందె నీళ్ల కోసం పొలాల గట్ల వెంట నడిచిన కాళ్లివి. చదువు అయిదో తరగతితో ఆగింది గానీ ఆ నడక పెళ్లయ్యేదాకా ఆగలేదు. నరసరావుపేట శివార్లలో ఇల్లు కట్టుకుని వెనక బోరు వేయించుకున్నాక కూడా నా పద్ధతి మారలేదు. అంట్లు సబ్బుపొడితో తోమి, ఒక్కసారి తొలిపి, ఆ నీళ్లు కరివేపాకు చెట్టుకు పోస్తాను. రెండోసారి తొలిపిన మనిషి ఎవరైనా సరే, నా చేత మాట పడాల్సిందే. గొప్పకు చెప్పడం లేదు. జరిగినదానికి ఈ అలవాటే మూలం కాబట్టి ముందుగా రాస్తున్నాను.

నా మనవరాలు, అంటే కొడుకు కూతురు, సముద్రపు ఒడ్డునున్న ఊళ్లో పరిశోధన చేస్తోంది. పోయిన వానాకాలం మొదట్లో దానికి కామెర్లు వచ్చాయి. పథ్యం నా చేత్తో పెడితే గానీ కుదరదని రమ్మన్నాను. వచ్చింది. బట్టల సంచి చిన్నది, వెంట తెచ్చిన పెట్టె పెద్దది. అందులో మూరెడు పొడుగు గొట్టం, వైర్లు, నీళ్లు పీల్చే సన్నని పైపులు ఉన్నాయి. అవన్నీ వెనక గదిలో బల్ల మీద పరిచింది. పక్కన ఒక క్యాను నిండా సముద్రపు నీళ్లు, కవరులో చుట్టిన ఖాళీ సీసాలు పన్నెండు.

"ఏందే, సముద్రాన్ని ఇంటికి మోసుకొచ్చావా?" అన్నాను.

"నేను సముద్రం దగ్గరికి పోలేకపోతున్నాగా నాయనమ్మా, అందుకని అదే వచ్చింది" అంది. మొహం పసుపు ముద్దలా ఉన్నా దాని వెటకారం తగ్గలేదు. "ఈ గొట్టాన్ని పడవలోంచి నీళ్లలోకి దించుతారు. ఆ నీళ్లలో బలం ఎంతుందో, కార్బన్ ఎంత కరిగిందో అక్కడికక్కడే చెప్పిద్ది."

"నీళ్లకు బలమేంది?"

"మన పత్తికి వేసే యూరియా, డీఏపీ ఉన్నయ్యే, ఆ సరుకే. సముద్రంలో నాచు అది తిని పెరిగిద్ది, నాచు తిని చేపలు బతుకుతయ్. తక్కువైతే తిండి ఉండదు. ఎక్కువైతే నాచు చచ్చి కుళ్లి, చేపలకు ఊపిరాడదు. ఇంక పిడుగురాళ్ల సున్నపు బట్టీల పొగ చూశావుగా? అట్టాంటి పొగలో కార్బన్ లోకమంతా లేస్తా ఉంటది. అందులో కొంత సముద్రం మింగుద్ది. ఎంత మింగుతుందో చూడాలిగా. మన చేలల్లో చల్లింది కూడా వానకు కొట్టుకపోయి కృష్ణలో పడి అక్కడికే చేరిద్ది."

"మా చేలోది అంతదూరం పోలేదులే" అన్నాను. డీఏపీని మొక్క మొక్కకూ మొదట్లో పెట్టించినదాన్ని, చల్లనిచ్చినదాన్ని కాదు.

"నువ్వు ఆగమంటే ఆగిద్దా?" అని నవ్వింది.

ఆ గొట్టం మీద అది మూడేళ్లు పెట్టింది. క్యానులోని నీళ్లు వాళ్ల ల్యాబులో ఉన్న పెద్ద యంత్రం మీద ముందే కొలిచినవి. ఈ గొట్టం కూడా అదే లెక్కను మళ్లీ మళ్లీ చూపిస్తే, సముద్రం కొలవడానికి నెలాఖరుకు బయలుదేరే పడవలో దానికి చోటు దొరుకుతుంది. చూపించకపోతే దాన్ని పక్కన పడేసి వేరే పని చూసుకోవాలి. ఈ సంగతి అది నాకు మొదటిరోజే చెప్పింది.

రెండోరోజు అది నీరసంతో పడుకుని ఉంటే నేను వెనక గది ఊడ్చాను. సీసాల కవరు మీద బస్సు దుమ్ము కనిపించింది. కడిగే ఓపిక లేక అట్లాగే తెచ్చిందనుకున్నాను. పన్నెండింటినీ సబ్బుపొడితో కడిగి, ఒక్కసారి తొలిపి, ఎండలో ఆరబెట్టి మళ్లీ కవరులో పెట్టాను. లేచాక చెప్పలేదు. గిన్నెలు కడిగిన సంగతి ఎవరైనా చెప్పుకుంటారా?

ఆ సాయంత్రం క్యానులో నీళ్లు సీసాలకు పంచి, అది కొలవడం మొదలుపెట్టింది. లెక్క కుదరలేదు. మర్నాడూ కుదరలేదు. పెట్టిన జావ చల్లారిపోయేది. కొలత మొదలైన మూడోరోజు మధ్యాహ్నం, తన పరిశోధన చూసే మాస్టారికి ఫోన్ చేసి స్పీకరు పెట్టింది. నేను గుమ్మంలో చిక్కుళ్లు ఒలుస్తున్నాను.

"సీసాలకు సబ్బుపొడి ఏమన్నా తగిలిందా? చాలా పొడుల్లో ఫాస్ఫేటు ఉంటుంది, అంకె పెరిగిపోతుంది" అన్నాడాయన.

"లేదు సార్. అక్కడే యాసిడ్‌తో కడిగి, చుట్టి తెచ్చాను."

"అయితే లోపం గొట్టంలోదే. రేపు విప్పి చూడు. విప్పితే మళ్లీ సరిచూసేలోపు ఈ పడవ వెళ్లిపోతుంది, తెలుసుగా?"

"తెలుసు సార్."

నా చేతిలో చిక్కుడుకాయ అట్లాగే ఉండిపోయింది. నోరు తెరవడానికి ఒక్క క్షణం చాలు. తెరవలేదు. ఈ ఇంట్లో నలభై ఏళ్లుగా తప్పులు పట్టేది నేను. పట్టుబడడం నాకు అలవాటు లేదు. ఒకసారి నీళ్లు పోశాక ఇంకా సబ్బు ఎక్కడుంటుందిలే అని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధమని అప్పుడే తెలుసు.

మర్నాడు పొద్దున్నే అది స్క్రూడ్రైవరు పట్టుకుని కూర్చుంది. గొట్టం మొదటి మర సగం తిప్పింది.

"ఆగవే" అన్నాను. "ఆ సీసాలు నేను కడిగా."

చెయ్యి ఆగింది. "దేంతో?"

"సబ్బుపొడితో. మన బోరు నీళ్లతో. ఒక్కసారే తొలిపా."

"నిన్న సార్ అడిగినప్పుడు ఇక్కడే ఉన్నావుగా!"

"ఉన్నా."

"ఉండి కూడా చెప్పలేదే నాయనమ్మా!"

అది వెంట తెచ్చుకున్న శుద్ధమైన నీళ్లు ఒక సీసాలో పోసి, గిలకరించి, గొట్టానికి పట్టింది. అంకె పైకి పోయింది. అవే నీళ్లు సీసా తగలకుండా పట్టింది. అంకె కిందికి దిగింది. క్యాను అడుగున రెండు వేళ్ల లోతు సముద్రపు నీళ్లు మిగిలాయి. అవీ పట్టింది. పెద్ద యంత్రం లెక్కలున్న కాగితం తీసి పోల్చుకుంది.

"కుదిరింది" అని నేల మీద కూలబడి ఏడ్చింది. కాసేపటికి, "సబ్బే కాదు, మన బోరు నీళ్లలో దిగిన యూరియా కూడా చూపించింది" అంది. మూడు రోజులుగా ఆ గొట్టం నిజమే చెబుతోంది. దాని మాట నమ్మకుండా చేసింది నేను.

మాస్టారికి ఫోన్ కలిపితే నేనే అడిగి తీసుకున్నాను. "అయ్యా, సీసాలు పాడుచేసింది నేను. తెలిసి కూడా నిన్న నోరు మూసుకున్నా. గొట్టానిదీ పిల్లదీ తప్పు లేదు."

"ఖాళీ సీసాను ముందు పరీక్షించుకోకపోవడం అమ్మాయి తప్పేనమ్మా" అన్నాడాయన. "ఒక్కసారి కుదిరితే చాలదు, మళ్లీ నీళ్లు తెచ్చి చూసే వ్యవధి లేదు. ఈ పడవలో చోటు ఇంకొకరికి ఇవ్వక తప్పదు. గొట్టాన్ని మాత్రం విప్పనివ్వకండి. ఉన్నదున్నట్టు తీసుకురమ్మనండి. చలికాలం పడవకు చూద్దాం."

"చలికాలం ఎంతలో వచ్చిద్దిలే" అన్నాను ఫోన్ తిరిగి ఇస్తూ.

"వరద నీళ్లు సముద్రంలో కలిసేటప్పుడు కొలుద్దామనుకున్నా నాయనమ్మా. అది మళ్లా వచ్చే ఏడే" అంది. కోపంగా అనలేదు. అని ఉంటే నాకు తేలికగా ఉండేది.

సగం తిప్పిన మరను బిగించడానికి మళ్లీ బల్ల దగ్గర కూర్చుంది. కామెర్ల నీరసం, పట్టు చాలడం లేదు. గొట్టం అటూ ఇటూ దొర్లుతోంది.

"నేను ముట్టుకోవచ్చా?" అని అడిగాను. ఈ ఇంట్లో నేను ఎవరినీ అట్లా అడిగిన గుర్తు లేదు.

అది ఒకసారి నా చేతుల వైపు చూసింది.

"బయట పట్టుకో" అంది. "కదలనీకు."

మర పూర్తిగా బిగిసేదాకా పట్టుకున్నాను.