మేడం గది ఎదుటి బెంచీ

నాకు రాయడం అలవాటు లేదు. అయిదో తరగతితో ఆగిపోయినదాన్ని. లైబ్రరీలో మా తెలుగు ఆడవాళ్ళం కలుస్తుంటాం. అక్కడ ఒకామె, కమ్యూనిటీ కాలేజీలో కొత్తగా చేరేవాళ్ళ కోసం నాలుగు మాటలు రాసివ్వమని అడిగింది. ఒకరికి చెప్పేంతటిదాన్ని కాదు. నాకు తెలిసింది ఒక బెంచీ సంగతి. అదే రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

మా ఆడబిడ్డ పిలిపిస్తే అమెరికాలో ఫార్మింగ్టన్ హిల్స్‌కి వచ్చాం. మా ఆయనకి కార్ల సామాను గోడౌన్‌లో పని. నేను చుట్టుపక్కల సాఫ్ట్‌వేర్ వాళ్ళ పిల్లల్ని చూసుకునేదాన్ని. నాకు బాగా వచ్చింది ఆ పని ఒక్కటే. చిన్నప్పుడు నన్ను బడి మాన్పించింది కూడా తమ్ముణ్ణి ఎత్తుకోవడానికే. మా వీధి చివర డేకేర్ నడిపే ఆమె, కాలేజీలో ఇంగ్లీష్ క్లాస్ పాసైతే పనిలో పెట్టుకుంటానంది. పిల్లలు ఏం తిన్నారు, ఎంతసేపు పడుకున్నారు, అన్నీ రాసి తల్లులకివ్వాలంట. ఆ క్లాస్‌కి పాత చదువు కాగితాలేవీ అడగలేదు. చేరిపోయాను.

మా ఆయన డ్యూటీ ఏడింటికి, నా క్లాస్ తొమ్మిదింటికి. తెల్లారీ తెల్లారకముందే నన్ను దించి పోయేవాడు. అప్పటికి కాలేజీలో మనిషి అలికిడి ఉండదు. పైన రెండో అంతస్తులో పొడుగాటి వరండా, ఒక పక్కంతా అద్దాలు. ఆ చివర ఒక బెంచీ. దాని మీద కూర్చుని కోటు కాళ్ళ దాకా కప్పుకునేదాన్ని. కూల్‌డ్రింకుల మిషన్ గుర్రుమంటూ ఉండేది. బయట కార్లు పెట్టే చోటు ఖాళీగా, చెరువంత వెడల్పుగా కనిపించేది. దీపాలు ఒక్కొక్కటే ఆరిపోయేవి, తెల్లారే వెలుగు మెల్లగా పైకి తేలేది. నిద్రా కాదు, మెలకువా కాదు. ఎప్పటిదో పలక వాసన, తమ్ముడి తల నూనె వాసన వచ్చేవి. ఏ ఊళ్ళో ఉన్నానో కాసేపు తెలిసేది కాదు.

నా బెంచీకి ఎదురుగానే మా ఇంగ్లీష్ మేడం గది. ఎనిమిదింటికి వచ్చి తలుపు తీసేది. తలుపు మీద ఒక కాగితం ఉండేది, ఏ రోజు ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా గదిలో ఉంటుందో. చదవడం అలవాటవుతుందని రోజూ దాన్ని కూడబలుక్కుని చదివేదాన్ని. అది నాకోసమే పెట్టిందని మాత్రం అనుకోలేదు.

మా బడిలో పెద్దసారు గదిలోకి పిలిచారంటే తప్పు చేసినట్టే. బెత్తం దెబ్బలకి చేతులు చాపుకునే లోపలికి పోవాలి. అందుకే ఆ గదిలోకి పోయే పిల్లల్ని చూస్తే జాలేసేది, పాపం ఏం తప్పు చేశారో అని. వాళ్ళేమో నవ్వుకుంటూ బయటికొచ్చేవాళ్ళు. సిగ్గు లేదు వీళ్ళకి అనుకునేదాన్ని.

అక్టోబర్‌లో పొద్దుటి పూట గురించి ఒక పేజీ రాయమంది మేడం. నేను చూసుకునే పాప నా భుజం మీద ఎట్లా నిద్రపోతుందో రాశాను. పేజీ నిండలేదు, మాటలు దొరక్క మధ్యలోనే ఆపేశాను. రెండు రోజులకి కాగితం తిరిగొచ్చింది. అడుగున ఎర్రసిరాతో, వచ్చి నన్ను కలవండి అని రాసి ఉంది. కాగితం మడిచి సంచీ అడుగున దాచేశాను.

మర్నాటి నుంచి క్లాస్‌కి పోలేదు. మా ఆయనకి చెప్పలేక రోజూ కారు దిగేదాన్ని. మేడం కంట పడకుండా కింద క్యాంటీన్‌లో ఒక మూల కూర్చునేదాన్ని. అట్లా మూడు క్లాసులు పోయాయి. నాలుగోది పోతే పేరు తీసేస్తారని మొదటి రోజే చెప్పారు. పేరు పోతే డేకేర్ పని కూడా పోయినట్టే. తెలిసీ కదల్లేకపోయాను. మంచు అప్పుడే మొదలైంది. అద్దం మీద పడి కరిగే చుక్కల్ని చూస్తుంటే, నేను కూడా అట్లా కరిగిపోతే ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదనిపించేది.

నాలుగో క్లాస్ రోజు మా ఆయన గోడౌన్‌లో మిషన్ చెడిపోయి పని ఆపేశారంట. నా క్లాస్ అయ్యేదాకా కాఫీ తాగుదామని ఎనిమిదిన్నరకి క్యాంటీన్‌కి వచ్చాడు. కింద నన్ను చూసి, పైన కదా కూర్చుంటావు అన్నాడు. ఏడుపొచ్చేసింది. అంతా చెప్పాను. కాగితం తీసుకుని ముందూ వెనకా తిప్పి చూశాడు.

"తప్పేమన్న జేసినవా?"

"లే."

"మరి పో. తిడితే తిట్టనీ. ఇంగ్లీష్‌ల తిడితే నీకు సగం అర్థమే గాదు గద."

ఏడుస్తూనే నవ్వొచ్చింది. మెట్ల దాకా వెంట వచ్చి, "నేనీడనే ఉంట, పో" అన్నాడు.

తలుపు తెరిచే ఉంది. గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాను. మేడం నన్ను చూసి కుర్చీ ముందుకు జరిపింది, కూర్చోమంది. టీచర్ ముందు ఎట్లా కూర్చుంటాం? తల అడ్డంగా ఊపాను. రెండోసారీ చెప్పింది. నేను కదల్లేదు. అప్పుడు ఆమె కూడా లేచి నిలబడింది. ఆ చిన్న గదిలో, నడుమ ఖాళీ కుర్చీ పెట్టుకుని ఇద్దరం నిలబడే మాట్లాడుకున్నాం.

బెత్తం లేదు, కోపం లేదు. నా కాగితం చూపించి మెల్లగా అడిగింది.

"ఆ పాప నిద్ర లేచిందా?"

ఇంగ్లీష్‌లోనే అడిగింది, నాకు మొత్తం అర్థమైంది. రాసింది మధ్యలో ఆగిపోయిందని, మిగతాది ఎట్లా రాయాలో చూపిద్దామని పిలిచిందంట. తలుపు మీది కాగితంలో రాసిన గంటలు అందుకేనంట, ఏదైనా రాకపోతే వచ్చి అడగడానికి. ఇన్నాళ్ళూ ఎదురుగానే కూర్చుని ఎందుకు రాలేదంది. మా పెద్దసారు గది గురించి చెప్పాను, వచ్చిన నాలుగు మాటల్లో, మిగతాది చేతులు చాపి చూపించి. ఆమె నవ్వలేదు. గడియారం చూసి, తొమ్మిదవుతోంది, ఈ రోజు క్లాస్ పోకూడదు పదమంది. ఆమె వెనకే నడిచాను.

ఆ తర్వాత ఎనిమిదింటికి తలుపు తీయగానే నేనే ముందు పోయేదాన్ని. పాప నిద్ర లేచిన సంగతి రాయడానికి నాలుగు పొద్దులు పట్టింది. అన్నాళ్ళూ నిలబడే చెప్పించుకున్నాను, ఆమె కూడా నిలబడే చెప్పింది. అలవాటు ఒక్కసారి పోదు కదా.

కొత్తగా చేరే అక్కలకీ చెల్లెళ్ళకీ నేను చెప్పగలిగింది ఇంతే. రమ్మని రాస్తే వెళ్ళండి. రాయకపోయినా వెళ్ళండి.

డిసెంబర్‌లో పాసైన కాగితం తీసుకోవడానికి పోయాను. అద్దాల బయట అంతా తెల్లగా ఉంది. మిషన్ గుర్రుమంటోంది. బెంచీ ఖాళీగా ఉంది. మేడం నిలబడి కాగితం వెతుకుతోంది, నన్ను కూర్చోమనడం మానేసి చాలా రోజులైంది. నా అంతట నేనే కుర్చీ జరుపుకుని కూర్చున్నాను. ఆమె తలెత్తి చూసి, తనూ కూర్చుంది.