రోగాలన్నీ మా ఆయనకే

మా ఆయన బాలేష్ మేడ్చల్‌లో ఆరోగ్య బీమా ఏజెంటు. ఆయన కాలు ఇప్పటికి ఎన్నిసార్లు విరిగిందో నాకే తెలియదు. కిడ్నీలు చెడిపోయాయి, కామెర్లు ముదిరాయి, జీడిమెట్ల దగ్గర లారీ గుద్దింది. అన్నీ ఎవరింట్లోనో కూర్చుని ఛాయ్ తాగుతూ తెచ్చుకున్నవే.

దీనికంతటికీ మూలం బుచ్చవ్వ. శామీర్‌పేట చెరువు చేపలు అమ్ముకునే ముసలామె. కొత్తలో ఈయన వాళ్లింటికెళ్లి, "అవ్వా, రేపు నీకు గుండెనొప్పి ఒచ్చిందనుకో..." అని మొదలుపెట్టాడు. ఆమె చీపురందుకుంది.

"నీ నోట్ల మన్నువడ! పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటరు, ఎర్కలేదా? ఏదంటే దానికి తథాస్తంటరు!"

"సరే, నాకే ఒచ్చిందనుకో."

"గట్ల జెప్పు," అని చీపురు కింద పెట్టింది.

"నాకు గుండెనొప్పి ఒచ్చింది. ఇల్లమ్మినా తీరనంత బిల్లు. అదే అందరం ముందుగాల్నే తలా కొంత కట్టుకుంటే, పడ్డోన్ని నలుగురు కలిసి లేపినట్టయితది."

"మరి నేను పడకపోతే? నా పైసలు?"

"నన్ను లేపుతయ్ అవ్వా."

బుచ్చవ్వ నవ్వి వేలిముద్ర వేసింది. ఇక ఆ రోజు నుంచి ఇదే ఆయన పద్ధతి. కొంపల్లి అపార్టుమెంట్లలో కార్లున్నవాళ్లకైనా అంతే. జబ్బు పేరెత్తితే ముఖం మాడ్చుకునేవాళ్లు, అది మా ఆయనకని చెబితే హాయిగా వినేవాళ్లు.

నాకు ఒళ్లు మండిపోయేది. "ఊరోళ్ల రోగాలన్ని నువ్వే మోస్తవా? నా పుస్తెలు యాదికి రావా నీకు?"

"మాటవరసకే లతా."

"దేవతలకు మాటవరస ఎర్కనా?"

నవ్వేసి బండి తీసేవాడు.

పోయిన వానాకాలం తుర్కపల్లి నుంచి వస్తూ రోడ్డు పక్కన బండి ఆపి కూలబడ్డాడు. గుండె. ఈసారి మాటవరసకు కాదు. దవాఖానలో హడావిడిగా లోపలికి తీసుకెళ్లారు. స్టెంట్ వేయాలి, ఇప్పుడే ఏమీ చెప్పలేం అన్నాడు డాక్టరు. బిల్లు సంగతి బీమా చూసుకుంటుంది, సరే. మనిషికి ఎవరు హామీ ఇస్తారు? నేను బయట బెంచీ మీద కూర్చుని ఏడుస్తూ ఆయన్నే తిట్టాను.

ఎవరు చెప్పారో ఏమో, చేపల గంప ఎక్కడో వదిలేసి బుచ్చవ్వ వచ్చింది. నన్ను పలకరించనైనా లేదు. ఆయన్ని తీసుకెళ్లిన గది తలుపు ముందు నిలబడి, చెయ్యెత్తి పైకి చూసి గొంతెత్తింది.

"ఏమయ్యా దేవతలూ! చెవుడా మీకు? గా గుండెనొప్పి నాది. మా ఇంట్ల, నా కోసమన్నడు. నా మీదికి రాకుండ పోరడు అడ్డం వడ్డడు. ఎవ్వలది వాళ్లకియ్యుండ్రి. నాది నాకియ్యుండ్రి!"

"అవ్వా, అరవొద్దు," అంది నర్సు.

"నాదే గదా బిడ్డా అడుగుతున్న."

నేను లేచి ఆ ముసలి నడుం గట్టిగా పట్టుకున్నాను. "ఒద్దవ్వా. నీకొద్దు, ఎవ్వలికొద్దు," అని వెక్కి వెక్కి ఏడ్చాను. అన్నేళ్ల కోపం ఆమె చేపల వాసన చీరలోనే కరిగిపోయింది.

ఆయన బతికాడు.

ఇప్పుడు ఒంటరిగా ఎక్కడికీ పంపను, నా స్కూటీ మీదే తిప్పుతాను. మొన్న బుచ్చవ్వ పక్కింటికి, లింగం దగ్గరికి వెళ్లాం. చెరువులో వల వేసే మనిషి, పాలసీ కావాలన్నాడు. ఈయన అలవాటు కొద్దీ, "రేపు నాకు కాలిరిగిందనుకో..." అన్నాడో లేదో, లింగం చెయ్యి అడ్డం పెట్టాడు.

"నీకొద్దన్నా. నీకు మస్తయినయ్. నాకే ఇరిగిందనుకో, జెప్పు."

ఛాయ్ గ్లాసులు తెస్తున్న అతని భార్య సాలమ్మ గడపలోనే ఆగిపోయింది. ఆ ముఖం నాకు బాగా తెలుసు, ఇన్నేళ్లూ అది నాదే.

దేవతలూ, ఈ ఒక్క పూట చెవులు మూసుకోండని మనసులోనే దండం పెట్టుకుని, లేచి ఆమె చేతిలోంచి గ్లాసులందుకున్నాను.