చెంచులక్ష్మికి డప్పులెందుకు ఆపినారు?

మా వీధి గురుస్వామి బిడ్డ చెంచులక్ష్మి గురించి ఎవరికి తోచింది వాళ్ళు చెప్తున్నారు. ఎదురింటిదాన్ని, పుట్టినప్పటి నుంచి చూసినదాన్ని, నేను చెప్తా వినండి.

గురుస్వామి పలకల గనిలో రాళ్ళు కొట్టేవాడు. పారేసిన రాతి పెళ్ళలు మార్కాపురం చుట్టూ గుట్టలు గుట్టలుగా పడి ఉంటాయి గదా, ఈ పిల్ల రేకుముక్క మీద నిలబడి ఆ గుట్టల మీది నుంచి జారేది. మోకాళ్ళు చీరుకపోయేవి. వాళ్ళమ్మ ఎల్లమ్మ పసుపు పూసి, వీపు మీద రెండు వేసేది. మర్నాడు మళ్ళీ గుట్ట మీదే. పెద్దయినాక మంచుకొండల్లో కాపలా కాసే పోలీసు ఉద్యోగం తెచ్చుకుంది. అక్కడే స్నోబోర్డు నేర్చింది. రెండు కాళ్ళూ ఒకే బోర్డుకు బిగించుకొని, జెండాల నడుమ మెలికలు తిరుగుతా మంచు మీద కిందికి జారాల. దేశం తరఫున విదేశంలో పోటీకి పోయింది.

ఆ కబురు తెలిసిందో లేదో, వీధి మొదట్లో కిరాణా దుకాణం కోటేశ్వర్లు తన బొమ్మ పెద్దదిగా, పిల్ల బొమ్మ చిన్నదిగా ఫ్లెక్సీ కట్టించినాడు. 'మా వీధి బంగారం' అని రాయించినాడు. బస్టాండు నుంచి డప్పులతో ఇంటిదాకా తీసుకొస్తానన్నాడు. తీరా ఫలితాలు ఫోన్లో వచ్చినాయి. చివరి నుంచి రెండో స్థానం. అంతే, ఫ్లెక్సీ విప్పి కందిబస్తాల మీద కప్పినాడు. డప్పులోళ్ళను రావద్దన్నాడు.

పిల్ల వచ్చే పొద్దున ఎల్లమ్మ నా దగ్గరికొచ్చి, "అత్తా, ఆటోను వెనక సందులోంచి రమ్మన్నాను. ముందర నుంచి వస్తే నవ్వుతారు" అని ఏడ్చింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"దొంగతనం చేసి వస్తుందా ఏంది, సందులోంచి రావడానికి? పళ్ళెంలో పసుపూ సున్నం కలుపు. ఎర్రనీళ్ళు తియ్యాల."

"ఓడొచ్చిన పిల్లకు దిష్టి ఏంది అత్తా?"

"గెలిచినోళ్ళకేనా దిష్టి? పడి దెబ్బలు తగిలించుకున్నోళ్ళకే ముందు తియ్యాల!"

నేనే పోయి ఆటోను వీధి మొదట్లో ఆపినాను. పిల్ల దిగింది. ఎడమ చేతికి కట్టు. ఊరుకోలేక అక్కడే అడిగినాను.

"మధ్యలో పడినావంట గదే. పడినాక ఇంక లేవడమెందుకు?"

"కింద ఆఖరి గీత దాటకపోతే పేరు పక్కన ఎన్నో స్థానమో అంకే ఉండదవ్వా. చానామంది పడి పక్కకు పోయినారు. నేను మణికట్టు విరిగినా కిందిదాకా జారినాను."

దుకాణంలోంచి కోటేశ్వర్లు తొంగి చూసి, "ఆ అంకె కోసం అంత దూరం పోవాల్నా తల్లీ? మన గుట్టల మీద జారితే సరిపోయేది గదా" అని పళ్ళికిలించినాడు. కొనడానికొచ్చినోళ్ళు నవ్వినారు.

పిల్ల తల దించలేదు. "మామా, నువ్వు ఆ గల్లాపెట్టె ముందు నుంచి లేచి ఎన్నాళ్ళయింది?" అనింది. నవ్వు ఆయన మీదికి మళ్ళింది.

ఎల్లమ్మ తెచ్చిన పళ్ళెం నేనే పట్టి మూడుసార్లు తిప్పినాను. దిష్టినీళ్ళు ఎవరూ తొక్కని చోట పోయాల. తెలిసే, కోటేశ్వర్లు దుకాణం మెట్టు ముందర అడ్డంగా పోసినాను.

"పెద్దమ్మా! బేరాల పొద్దు! ఎవరు తొక్కుతారు దాన్ని?" అని అరిచినాడు.

"నువ్వే దాటి రా. పిల్లను ఇంటిదాకా పిలుచుకపోతానని మాటిచ్చినావు గదా."

ఆయన దాటలేదు. నవ్వినోళ్ళంతా సంచులు పట్టుకొని మెట్టు మీదే నిలబడిపోయినారు. మేము వీధి నడిమధ్యన నడిచి ఇంటికి పోయినాము.

తర్వాత బిందెల కొద్దీ నీళ్ళు పోసి కడిగించుకున్నాడంట. కడుక్కోనీ. నాకింకా కోపం తీరలేదు.