మగ్గం మీది ప్లాస్టిక్ రేకు

తిమ్మమ్మ ఏడవలేదని ఆ వీధి వీధంతా చెప్పుకుంది. నిరుడు వైశాఖంలో మొగుడు కురుమూర్తి మగ్గం గుంటలోనే పక్కకు ఒరిగిపోయాడు. గద్వాల పెద్ద దవాఖానకు ఆటోలో తీసుకెళ్లేసరికి ప్రాణం లేదు. దినాలు అయిన మూడోనాడే ఆమె అదే గుంటలో కాళ్లు పెట్టి నేతకు కూర్చుంది. గుండె రాయి అన్నారు. అనేవాళ్లకేం పోయింది.

రాయి కాదు, మొద్దుబారింది. కూరలో ఉప్పు మరిచిపోయినా తెలియకుండా తినేసేది. చేతులు నేస్తుండేవి, తను ఎక్కడో ఉండేది. "నీడల కూసున్నోనికి వడదెబ్బ ఏంది వదినా, ఆయన ఆయుస్సు గంతే" అని మరిది దేవరాజు తేల్చేశాడు. ఊరంతా ఆ మాటకే తలూపింది. ఒక్క తిమ్మమ్మకే ఆ మాట మింగుడుపడలేదు. ఎందుకంటే మగ్గానికి పైన, ఇంటికప్పులో వెలుతురు కోసం ప్లాస్టిక్ రేకు వేయించింది ఆమె. మొగుణ్ని చంపింది ఆయుస్సా, ఆ రేకా? ఏడాదిగా ఆమెలో బతికి ఉన్నది ఈ ప్రశ్న ఒక్కటే.

వాళ్లది ఇనుపరేకుల ఇల్లు. మధ్యాహ్నం కూడా మగ్గం దగ్గర మసకే. కరెంటు పోతే ఇక తడుముకోవడమే. చీర నూలు ఒంటికి పట్టు అంచు కలిపే చోట ఒక్క పోగు తప్పినా చీర తిరిగొచ్చేది. కురుమూర్తికి యాభై నిండకముందే చూపు మందగించింది. ఆయన బాధ చూడలేకే నిరుడు మాఘంలో తిమ్మమ్మ మేస్త్రీని పిలిపించింది. పైన ఇనుపరేకు కొంత మేర కోసి, వెలుతురు దిగే ప్లాస్టిక్ రేకు బిగించమంది. ఎక్కడ బిగించాలో కూడా తనే చూపించింది. మిట్టమధ్యాహ్నం మగ్గం పక్కన నిలబడి, వెలుతురు సరిగ్గా నేసే బట్ట మీద పడగానే, "ఆడ్నే, ఇగ జరపకు" అంది. కురుమూర్తి పెళ్లాన్ని మెచ్చుకోవడం పాపమనుకునే రకం. ఆ రోజు మాత్రం, "సూర్యున్ని దెచ్చి మగ్గం మీద కూసోబెట్టినవ్ గదనే" అన్నాడు. ఆ మాటకు ఆమె నెలరోజులు మురిసింది.

మొగుడు పోయినప్పటి నుంచి మిట్టమధ్యాహ్నం నేత ఆపేసే ఆమె, ఈ వైశాఖంలో ఒక పిచ్చిపని చేసింది. మూడు రోజుల పాటు సరిగ్గా మిట్టమధ్యాహ్నం అదే గుంటలో కూర్చుంది. తల పగిలిపోతున్నట్టయింది, కళ్లు తిరిగాయి, అయినా లేచి నడిచింది. తనకేం కాలేదు కాబట్టి రేకుది తప్పు కాదనుకుంది. ఆ నమ్మకం నాలుగో రోజు దాకా నిలిచింది.

నాలుగో రోజు పద్మజ వచ్చింది. వనపర్తి అమ్మాయి, గద్వాలలో ఒక కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతుంది. నేతగాళ్ల ఇళ్లలోకి ఎండ ఎంత దిగుతుందో కొలుస్తూ ఇల్లిల్లూ తిరుగుతోంది. గాజు గిన్నె బోర్లించిన నల్లబిళ్ల లాంటి పరికరాన్ని మొదట ఇంటి మీద పెట్టింది, తర్వాత మగ్గం గుంట దగ్గర పెట్టింది. మధ్యమధ్య కాగితం మీద రాసుకుంది.

"మేడం, ఈ గుంటల ఒక మనిషి కూసుంటే ఆయన మీద ఎంత పడ్తది?" అని అడిగింది తిమ్మమ్మ.

ఆ ఇంటి సంగతి పద్మజకు తెలియదు. పాఠం చెప్పినట్టే చెప్పింది. "పైన మీటరు పొడవు, మీటరు వెడల్పు జాగాల తొమ్మిది వందల యాభై వాట్ల ఎండ పడుతుందమ్మా. దాన్ని పది వంతులు చేస్తే, ఈ ప్లాస్టిక్ రేకు ఒక వంతు తిరగ్గొడుతుంది, మూడు వంతులు తనల పట్టుకుంటది, ఆరు వంతులు కిందికి వదిలేస్తది. అంటే అయిదు వందల డెబ్బై. ఇనుపరేకు ఎండను రానియ్యదు గాని, తనే కాగి సెగ కొడ్తది. అది నూటయాభై."

"ఇనుపరేకే ఉంటే నూటయాభైనా?"

"అంతే. ప్లాస్టిక్ రేకు కింద కూసున్నోళ్లకు ఆ అయిదు వందల డెబ్బై కూడ తోడైతది. అదీ నడి ఎండకాలమే. మాఘంల సూర్యుడు వాలుగ ఉంటడు గనుక వెలుతురు ముందుకు, బట్ట మీద పడ్తది. వైశాఖంల నడినెత్తి మీదికొస్తడు. పదకొండుంపావు నుంచి ఒంటిగంటంపావు దాంక సరిగ్గ మనిషి నెత్తి మీదనే."

"మాఘంల చూసి పెట్టిచ్చిన" అంది తిమ్మమ్మ. "నా పెనిమిటి ఈడ్నే పోయిండు."

పద్మజ చేతిలో పెన్ను ఆగిపోయింది. చుట్టూ చూసింది. పోగులు ఎండి తెగుతాయని మగ్గాల దగ్గర ఫ్యాను వేయరు. ఆ ఇంట్లోనూ ఫ్యాను కదలడం లేదు.

"మొన్న మూడొద్దులు నేను గూడ కూసున్న. నాకేం కాలే."

"మధ్యల లేచి నీళ్లు తాగిన్రా?"

"లేచిన, తాగిన."

"మరి ఆయన?"

"ఆయన పనిల కూసుంటె లేవకపోతుండె."

పద్మజ తల వంచుకుని రెండు గంటల లెక్క మొత్తం వేసి, కాగితం మడవబోయింది. తిమ్మమ్మ చేయి అడ్డం పెట్టింది.

"రెండు గంటలది వద్దు మేడం. పన్నెండుంపావు నుంచి ఒంటిగంటంపావు దాంక ఎంతనో అదొక్కటే చెప్పున్రి."

"అదొక్కటే ఎందుకమ్మా?"

"ఆ దినం పన్నెండుంపావుకు, తల కాలుతుందే, పైన ఏమన్న కప్పు అన్నడు. కప్పితే అంచు కనపడదని, గోడ గడియారం దిక్కు చూసి, ఇంకొక్క గంట ఓర్సుకో అన్న. ఆ గంటలనే ఒరిగిండు."

పద్మజ కాగితం మీది లెక్క చూసింది. అబద్ధం చెప్పాలనిపించింది, కానీ చేతగాలేదు. "ఆ రెండు గంటలదాంట్ల సగం" అంది. ఆ సగం మరీ కఠినంగా వినిపించిందేమో, ఓదార్చబోయి, "ఒళ్లు కొంతదాంక తట్టుకుంటదమ్మా, మొదటి గంట ఎవరైన..." అని, తను ఎటు పోతోందో అర్థమై ఆగిపోయింది.

"తట్టుకున్నడు మేడం" అంది తిమ్మమ్మ. "పన్నెండుంపావుకు బాగనే మాట్లాడె."